పాకం కదిపితే చిలక... కదపకపోతే సీసా!

విలన్ అనుచరుడు మీదికి దూకుతాడు. హీరో పక్కకి తప్పుకుని టేబుల్ మీదున్న సీసా అందుకుంటాడు. ఫట్! తల మీద పడ్డ సీసా వంద ముక్కలవుతుంది. హాల్లో ఈలలే ఈలలు. దెబ్బ తిన్న ఫైటరు మాత్రం షాట్ ఓకే అనగానే లేచి, జుట్టులో ఇరుక్కున్న ముక్కలు దులుపుకుని టీ తాగడానికి వెళ్లిపోతాడు. ఒక చుక్క నెత్తురు లేదు, ఒక కుట్టు లేదు.

కారణం... సినిమా తొలిరోజుల్లో ఇలాంటి సీసాలు గాజు కొలిమిలో కాదు, పొయ్యి మీద పుట్టేవి. పంచదార, నీళ్లు, కాస్త గ్లూకోజు పాకం. అంతే సరుకు. చూపుకి అచ్చం గాజు. తగిలితే పెళుసుగా పగిలిపోతుంది. ముక్క నోట్లో వేసుకుంటే తియ్యగా కరిగిపోతుంది. దీన్నే షుగర్ గ్లాస్ అంటారు. మన మాటల్లో చక్కెర గాజు అనుకుందాం.

ఎక్కడో హాలీవుడ్ స్టూడియోల విద్య కదా, మనకెందుకూ అనిపిస్తుందా? అయితే ఒకసారి హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లి రావాలి.

జంక్షన్‌లో దొరికే గాజు

పేరు వినగానే 2001లో అర్జున్, జగపతిబాబు, వేణు కలిసి నటించిన సినిమా గుర్తొచ్చేవాళ్లే ఎక్కువ. నిజం జంక్షన్ అంతకంటే పాతది. విజయవాడ నుంచి ఏలూరు వెళ్లే జాతీయ రహదారి మీద సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఇటు నూజివీడు, అటు గుడివాడ దారులు ఇక్కడే చీలతాయి. కూడలిలో ఆంజనేయస్వామి. ఆయన పేరే ఊరికీ వచ్చింది. కృష్ణా జిల్లా ఇక్కడితో అయిపోవస్తుంది. కాస్త ముందుకెళితే 2022లో ఏర్పడ్డ ఏలూరు జిల్లా.

ఈ ఊరికీ పంచదారకీ చుట్టరికం ఉంది. ఇక్కడ సహకార రంగంలో ఒక చక్కెర కర్మాగారం ఉండేది. తర్వాత ప్రైవేటు చేతికి వెళ్లి డెల్టా షుగర్స్ అయింది. అటువైపు ఉయ్యూరులో కేసీపీ వారి కర్మాగారం. సీజన్ వచ్చిందంటే చెరకు బళ్లు, తర్వాతి రోజుల్లో ట్రాక్టర్లు వరుస కట్టడం, వెనకాల పిల్లలు పరిగెత్తి గడ లాక్కోవడం ఈ ప్రాంతంలో పెద్దవాళ్లందరికీ తెలిసిన సంగతే.

సరే, గాజు సంగతికొద్దాం. దారి పక్క దుకాణంలో కాగితంలో చుట్టిన పల్లీపట్టీ కొనండి. మధ్యకి విరవండి. 'టక్' మంటుంది. పల్లీల మధ్య గోధుమరంగులో మెరుస్తూ, వెలుతురుకి పెడితే అవతల వేలు కనిపిస్తూ ఉంటుందే, అదీ చక్కెర గాజు! పట్టీ చేసే ఇల్లాలు పాకాన్ని పరీక్షించే పద్ధతి చూడండి. గిన్నెలో చన్నీళ్లు పోసి ఒక చుక్క పాకం వేస్తుంది. మెత్తగా ఉండ కడితే ఇంకా ఉడకాలి. తీసి గిన్నె అంచుకు కొడితే టంగుమని మోగి, పటుక్కున విరిగితే దించేయాలి. సినిమావాళ్లు థర్మామీటరు పెట్టి 150 డిగ్రీల సెంటీగ్రేడు అని రాసుకునేది సరిగ్గా ఈ ఘడియనే.

ఆ లెక్కన మనకు గాజు కొత్తేమీ కాదు. 1970లు, 80ల్లో బడి దగ్గర బుగ్గన పెట్టుకున్న నిమ్మతొనలు గాజే. తిరనాళ్లలో పీచుమిఠాయి వెంట్రుకవాసి గాజు దారాల ఉండే. బెల్లం పాకాన్ని మేకుకి తగిలించి సాగదీసి చేసే జీళ్లు గాలి బుడగలు నిండిన గాజు. అంత గాజు తిని పెరిగినవాళ్లం మనం!

కానీ ఒక్కటి గమనించారా? పెళ్లిళ్లకు, సీమంతాలకు బొమ్మలు పోయాల్సి వచ్చినప్పుడు మన పెద్దలు ఈ గాజును ముట్టుకోలేదు. అదే పంచదారతో, అదే పొయ్యి మీద ఇంకో దారి పట్టారు. ఆ దారి చివర కూర్చుని ఉన్నదే పంచదార చిలక.

చిలక పుట్టే వేళ

ఎదురుకోలు అనగానే పన్నీరు, పానకం బిందెలు, పంచదార చిలకలు. వియ్యాలవారి మధ్య ఇచ్చిపుచ్చుకోవడంలో, సారె కావిళ్లలో చిలకలది ముందు వరస. పేరుకే చిలకలు. పళ్లెంలో హంసలుంటాయి, ఏనుగులుంటాయి, రథం, కలశం, గోపురం, తామరపువ్వు అన్నీ ఉంటాయి. అయినా అన్నిటికీ కలిపి పేరు చిలకదే. మన్మథుడి విల్లు చెరకుగడ, ఆయన వాహనం చిలక. రెండూ ఒకే బొమ్మలో కలిసినట్టు లేదూ! తెలుగువాళ్లకు ఈ మాట ఎంత ముద్దంటే, 1999లో కోడి రామకృష్ణ తీసిన సినిమాకి అదే పేరు పెట్టుకున్నారు.

చేసే విధానం చెప్పుకుంటే నాలుగు ముక్కలు. చేయబోతే మాత్రం చేయి కాలుతుంది.

అచ్చులు ముందురోజు రాత్రే నీళ్లలో నానేస్తారు. పొద్దున్నే తీసి, పైతడి గుడ్డతో అద్ది, రెండు చెక్కలూ కలిపి పురికొసతోనో రబ్బరు బ్యాండుతోనో బిగిస్తారు. కిలో పంచదారకు పావు లీటరు పైచిలుకు నీళ్లు పోసి పొయ్యి మీద పెడతారు. మరుగుతుండగా ఒక చెంచాడు పాలు. పాలు విరిగి, పంచదారలో ఉన్న మడ్డిని వెంటబెట్టుకుని నురగలా పైకి వస్తాయి. గరిటెతో తీసేసి, పల్చటి బట్టలో వడకడితే పాకం కన్నీటిచుక్కలా తేటగా ఉంటుంది. మళ్లీ పొయ్యెక్కించి తీగపాకం దాటించి, ఉండపాకం వస్తోందనగా దించుతారు. థర్మామీటరు పెడితే సుమారు 115 డిగ్రీలు చూపిస్తుంది.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. కర్ర తెడ్డుతో పాకాన్ని గిన్నె గోడకేసి రుద్దాలి. ఒక్కచోటే, ఆపకుండా. మొదట ఏమీ జరగదు. చెయ్యి నొప్పి పుడుతుంది. ఉన్నట్టుండి రుద్దినచోట పాల చుక్క పడ్డట్టు తెల్లటి మచ్చ లేస్తుంది. ఆ తెలుపు చూస్తుండగానే గిన్నెంతా పాకుతుంది. ఇక ఆలోచించే వ్యవధి లేదు. గబగబా అచ్చుల్లో పోసేయాలి. ముందు పోస్తే బొమ్మ గట్టిపడక జిగటగా దిగుతుంది. క్షణం ఆలస్యమైతే పాకం గిన్నెలోనే ఇసుకలా గడ్డకట్టి తెడ్డుని పట్టేసుకుంటుంది. అందుకే ఒక్కరే చేసే వంట కాదిది. ఒకరు రుద్దుతుంటే ఇంకొకరు అచ్చులు వరసగా నిలబెట్టి సిద్ధంగా ఉండాలి. ఇద్దరి మధ్య మాటామాటా వస్తే ఆ వాయి పోయినట్టే! పోయినా పంచదార ఎక్కడికీ పోదు. మళ్లీ నీళ్లు పోసి కరిగించి మొదటికి రావచ్చు.

అయిదు పది నిమిషాల్లో అచ్చు విప్పుతారు. మంచులా తెల్లని చిలక బయటికొస్తుంది. అతుకు దగ్గర పల్చటి రేకు మిగులుతుంది. దాన్ని చాకుమొనతో గీరి, కంటికి చిన్న రంగు చుక్క పెడితే పని అయిపోతుంది. ముక్కు విరక్కుండా అచ్చు విప్పడమే పనితనం. ముక్కు లేని చిలకను పళ్లెంలో పెడితే వియ్యపురాలి నోటి ముందు ఎవరు నిలబడతారు? విరిగినవి పిల్లల పాలు. పిల్లలు ఎప్పుడూ తోక దగ్గర్నుంచే మొదలుపెడతారెందుకో!

చెక్కలో దాగిన బొమ్మ

చిలక గొప్పా, అచ్చు గొప్పా అంటే అచ్చుకే ఓటెయ్యాలి. టేకులాంటి గట్టి చెక్కను రెండు పలకలుగా కోసి, సగం చిలకను ఇందులో, సగం చిలకను అందులో లోపలికి తొలుస్తారు. రెండూ అద్దంలో ప్రతిబింబాల్లా ఉండాలి. ఈకలు పైకి రావాలంటే చెక్కలో గాడి లోతుకి పోవాలి. అంటే వడ్రంగి బొమ్మను తిరగేసి ఆలోచించాలి. పైగా బొమ్మలో ఏ భాగమూ చెక్కలోకి కొక్కెంలా వంగి ఉండకూడదు. ఉంటే పాకం గట్టిపడ్డాక అచ్చు విడిపోదు, బొమ్మే విరుగుతుంది. పంచదార చిలకలు రెక్కలు చాపుకోకుండా, ఒంటికి అంటిపెట్టుకుని కూర్చోవడం వెనకున్న రహస్యం ఇదే.

చెక్కను నానబెట్టడం ఎందుకంటే, పొడి చెక్క పాకాన్ని పీల్చేస్తుంది. పీల్చాక పట్టు వదలదు. నీళ్లు తాగేసిన చెక్కలో పాకానికి చోటుండదు. పైగా తడి చెక్క పాకానికి ఆనిన పొరను చప్పున చల్లబరుస్తుంది, అంటుకోనివ్వదు. పక్కనే కొండపల్లి ఉందిగా, అక్కడి బొమ్మల చెక్కతో అచ్చులు చేయొచ్చుగా అనుకోవచ్చు. కొండపల్లి తెల్లపొణికి తేలికైన మెత్తటి చెక్క. బొమ్మను చేయడానికి బంగారం లాంటిది. వేడి పాకాన్ని మోసి, నానుతూ ఎండుతూ తరం గడపాల్సిన అచ్చుకి గట్టి కర్రే కావాలి.

అచ్చుకి ఇంకో శత్రువు ఉంది, తీరిక. వాడుతున్నంతకాలం బాగుంటుంది. పెట్టెలో పడేస్తే ఎండి పగుళ్లిస్తుంది, పురుగు పడుతుంది. పలకలు వంకరపోతే రెండు సగాలూ కలవవు. పాకం సందుల్లోంచి కారిపోతుంది. ఇప్పుడు చాలా ఇళ్లలో జరుగుతున్నది ఇదే. చిలకలు కావాలంటే మిఠాయి దుకాణానికి ఫోన్ చేస్తున్నారు. అమ్మమ్మల నాటి అచ్చు అటక మీద ఉంటుంది. రెండో పలక ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. ఒక పలకే ఉన్న అచ్చు అచ్చు కాదు కదా... షోకేసులో అలంకారం.

వరసా? గుంపా?

ఒకే పంచదార ఒకచోట తెల్లటి చిలక, ఇంకోచోట తేటగా ఉండే సీసా ఎలా అవుతుంది?

ప్రార్థన వేళ బడి పిల్లల్ని ఊహించుకోండి. అందరూ వరసల్లో, చేయి చాపినంత ఎడంలో నిలబడతారు. పంచదార అణువులు అలా వరస కడితే స్ఫటికం. చిలక అంటే లక్షలాది సూక్ష్మ స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కున్న ముద్ద. ఒక్కో స్ఫటికం తేటదే అయినా, వెలుతురు ప్రతి అంచు దగ్గరా చెదిరిపోయి మొత్తం తెల్లగా కనిపిస్తుంది. ఇప్పుడు ఇంటి బెల్లు కొట్టిన క్షణాన గేటు దగ్గరి గుంపును ఊహించుకోండి. ఆ తోపులాట ఉన్నది ఉన్నట్టుగా బిగుసుకుపోతే అదే గాజు. వరసలు లేవు, అంచులు లేవు. వెలుతురు అడ్డం లేకుండా దూసుకుపోతుంది.

తెడ్డుతో రుద్దడమంటే పిల్లల్ని వరసలో నిలబెట్టే డ్రిల్లు మాస్టారి ఈల లాంటిది. ఒక్కచోట వరస మొదలైతే మిగతావాళ్లూ వచ్చి చేరతారు. చక్కెర కర్మాగారాల్లో చేసేదీ ఇదే. గాలి పీడనం తగ్గించిన పాత్రల్లో, మాడకుండా తక్కువ వేడి మీద రసాన్ని చిక్కబరిచి, చిటికెడు సన్నటి స్ఫటికాలను విత్తనంలా చల్లుతారు. వాటి చుట్టూ పంచదార పెరుగుతుంది.

గాజు కావాలంటే దీనికి సరిగ్గా తలకిందులు. పాకాన్ని కదపకూడదు. గిన్నె అంచున ఒక్క పలుకు కూడా మిగలకూడదు. అందుకే తడి బ్రష్షుతో అంచులు తుడుస్తూ ఉంటారు. వరస కట్టనివ్వకుండా మధ్యలో వేరే రకం అణువుల్ని దూరుస్తారు. గ్లూకోజు పాకం వేసేది అందుకే. అది లేకపోతే రెండు చుక్కల నిమ్మరసం. నిమ్మలోని పులుపు పంచదారను రెండుగా విడగొట్టి, గ్లూకోజు, ఫ్రక్టోజులను అక్కడికక్కడే తయారుచేస్తుంది. గులాబ్‌జామ్ పాకం మర్నాటికి పలుకులు కట్టకుండా అమ్మ నిమ్మకాయ పిండుతుందే, ఆ విద్యే ఇది!

ఇంట్లో సీసా పోద్దామా?

సెలవుల్లో పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తున్న ఇళ్లలో ఇదొక మంచి కాలక్షేపం. స్కూలు నాటకాలకూ పనికొస్తుంది. అయితే పొయ్యి దగ్గర పని పెద్దవాళ్లదే. అచ్చు పని పిల్లలకు వదిలేయొచ్చు.

మొదట సీసా ఎంపిక. నున్నగా, తిన్నగా ఉన్నదైతే మేలు. గోలీసోడా సీసా పోద్దామని పిల్లలు పట్టుబడతారు, సహజం. 1872లో ఇంగ్లండ్‌కు చెందిన హైరమ్ కాడ్ గోలీ నిలవడం కోసమే ఆ మెడకు నొక్కులు పెట్టాడు. ఆ నొక్కులే అచ్చులో ఇరుక్కుంటాయి. మొదటిసారికి వద్దని నచ్చజెప్పండి.

అట్టపెట్టెలో బొమ్మలు చేసే జిగురుమట్టి పరిచి, సీసాను పడుకోబెట్టి సరిగ్గా సగం లోతు వరకు కప్పెట్టాలి. సీసా అడుగు పెట్టె గోడకు ఆనించాలి. చుట్టూ మట్టిలో వేలితో మూడు నాలుగు గుంటలు నొక్కాలి. తర్వాత రెండు పలకలూ జారకుండా పట్టుకునేవి ఆ గుంటలే. ఇప్పుడు తినే వస్తువులకు వాడే రకం సిలికాన్ కలిపి పోయాలి. రెండు డబ్బాల్లో వస్తుంది, కలిపాక కొన్ని గంటల్లో గట్టిపడుతుంది. పెట్టె తిరగేసి, మట్టి తీసేసి, సిలికాన్ అంచులకు పల్చగా వాజిలైన్ రాసి రెండో సగం పోయాలి. అదీ గట్టిపడ్డాక విడదీస్తే లోపల సీసా ఆకారంలో ఖాళీ. చిలక అచ్చుకి చెల్లెలే! ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చౌకలో అయిపోతుంది కానీ, అందులో పోసింది నోట్లో పెట్టుకోకూడదు. నాటకంలో పగలగొట్టడానికే. కిటికీలకు పూసే మామూలు సిలికాన్ జిగురుకీ ఇదే మాట.

పాకానికి రెండు కప్పుల పంచదార, అరకప్పు గ్లూకోజు పాకం, ఒక కప్పు నీళ్లు. పంచదార కరిగేదాకానే కలపాలి. మరుగు మొదలయ్యాక తెడ్డు ముట్టుకోకూడదు. 150 డిగ్రీల దగ్గర దించితే తేటగా ఉంటుంది. ఇంకో పది, పదిహేను డిగ్రీలు ఎక్కితే తేనెరంగు తిరుగుతుంది. నాటకంలో సారాసీసా కావాలంటే ఆ రంగే బాగుంటుంది, వేరే రంగు కలపక్కర్లేదు.

చిలకకూ సీసాకూ అసలు తేడా ఇక్కడ వస్తుంది. చిలక అచ్చు తడిగా ఉండాలి. సీసా అచ్చు చుక్క తడి లేకుండా ఉండాలి. 150 డిగ్రీల పాకం తడి మీద పడితే నీళ్లు ఆవిరై సీసా నిండా బుడగలొస్తాయి, పాకం చిందుతుంది. కాబట్టి అటక మీది చిలక అచ్చు దించి నానబెట్టి అందులో గాజు పోద్దామనుకుంటే కుదరదు. సిలికాన్ అచ్చుకు నూనె చేత్తో రాసీ రాయనట్టు రాస్తే చాలు.

అచ్చును తలకిందులుగా, అడుగు పైకి ఉండేలా నిలబెట్టి బుడగలు అణిగిన పాకాన్ని పోయాలి. మూతి దగ్గర మట్టిబిరడా. అచ్చును మెల్లగా తిప్పుతూ నిమిషం, రెండు నిమిషాలు ఆగితే గోడకు ఆనిన పాకం పెంకులా బిగుస్తుంది. లోపలిది ఇంకా జారుతూనే ఉంటుంది. దాన్ని గిన్నెలోకి వంపేయాలి. మిగిలిన పెంకే సీసా. అడుగుకి రూపాయి బిళ్లలా పాకంతో ఒక పలక పోసుకుని, అంచుకు వేడి పాకం రాసి అతికించాలి. అరగంట తర్వాత అచ్చు విప్పండి. మొదటి సీసా విరుగుతుంది. రెండోదీ విరగొచ్చు. నష్టం లేదు, చప్పరించేయండి!

చేయి కాలితే

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. మరిగే నీళ్లు 100 డిగ్రీలు. ఈ పాకం 150. పైగా నీళ్లలా జారిపోదు, చర్మానికి అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. మిఠాయి మాస్టర్లు పొయ్యి పక్కనే బకెట్టు నీళ్లు పెట్టుకునేది అందుకే. పొరపాటున పడితే వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు చేయి పెట్టాలి. సిరా, టూత్‌పేస్టు, వెన్న... ఏదీ రాయకూడదు. బొబ్బ పెద్దదైతే ఆసుపత్రికే. ఇంకో మాట. చక్కెర గాజు పెళుసే కానీ మొన ఉంటుంది, గీసుకుంటుంది. పిల్లలు తల మీద కొట్టుకోవడానికి కాదు. సినిమాల్లో కూడా ఫైట్ మాస్టరు పక్కనుండి దెబ్బ ఎక్కడ పడాలో చెప్పి చేయిస్తాడు.

రంగుల దగ్గరా జాగ్రత్త కావాలి. మన దేశంలో ఆహార పదార్థాల్లో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. అవీ పరిమితికి లోబడే వాడాలి. బట్టలకు అద్దే రోడమిన్-బి అనే గులాబీ రంగు కనబడటంతో 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలు పీచుమిఠాయి అమ్మకాలనే నిషేధించాయి. పంచదార చిలకల్లో మరీ మిడిసిపడే గులాబీ రంగు కనిపిస్తే అనుమానించాల్సిందే. తెల్ల చిలకకు వచ్చిన లోటేమీ లేదు.

తేమ పెట్టే పరీక్ష

సీసా పోసి బల్ల మీద పెట్టి మురిసిపోతారు. సాయంత్రానికి పట్టుకుంటే వేళ్లకు అంటుకుంటుంది. మర్నాటికి మెడ వంగుతుంది. ఆ మర్నాడు పళ్లెంలో జిగట ముద్ద. తప్పు మీది కాదు, డెల్టా గాలిది.

గుంపుగా బిగుసుకున్న అణువుల మధ్యకు నీటి ఆవిరి తేలిగ్గా దూరిపోతుంది. పొడిగా ఉన్న పంచదార గాజు 60, 70 డిగ్రీల వేడి తగిలితే తప్ప మెత్తబడదు. నాలుగైదు శాతం తేమ పీల్చిందంటే మాత్రం ఆ అంకె దిగి దిగి మన వేసవి మధ్యాహ్నం కంటే కిందికి వచ్చేస్తుంది. వరసగా కూర్చున్న స్ఫటికం అలా లొంగదు. గాలిలో తేమ దాదాపు 85 శాతం దాటేదాకా పంచదార పలుకు పొడిగానే ఉంటుంది. ఇప్పుడు అర్థమైందా మన పెద్దలు గాజును పల్లీపట్టీకి వదిలేసి, పెళ్లికి చిలకను ఎందుకు ఎంచుకున్నారో? మాఘంలో పోసిన చిలక డబ్బాలో వేసవి దాకా చెక్కుచెదరదు. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు మాత్రం దానికీ చెమట పడుతుంది. అందుకే శ్రావణమాసపు పెళ్లిళ్లకు చిలకలు ముందే చేసి పెట్టుకోకుండా, మూత బిగుతైన డబ్బాలు చూసుకుని మరీ పని మొదలుపెట్టాలి.

సినిమావాళ్లు కూడా ఈ తేమతో, ఆర్క్ లైట్ల వేడితో విసిగిపోయారు. పొద్దున పోసిన సీసా మధ్యాహ్నం షాట్ దాకా నిలవకపోతే ఎలా? మెల్లగా పెళుసు రకం రెజిన్లకు మారిపోయారు. నేటి సినిమాల్లో పగిలే సీసాల్లో ఎక్కువ భాగం అవే. వాటిని మాత్రం నాకకూడదు!

అచ్చులో పోసిన చక్కెర బొమ్మ మనకొక్కళ్లకే సొంతమనుకుంటే పొరపాటు. కన్నడ ఇళ్లలో సంక్రాంతికి ఎళ్లు బెల్లంతో పాటు 'సక్కరె అచ్చు' పంచుకుంటారు. అవీ చెక్క అచ్చులే. తెలంగాణలో హోలీకి పిల్లల మెళ్లో చక్కెర పేర్లు పడతాయి. ఈజిప్టులో ప్రవక్త జయంతికి చక్కెర పెళ్లికూతురు బొమ్మలూ గుర్రపు రౌతులూ చెక్క అచ్చుల్లోనే పోస్తారు. అవి లోపల బోలుగా ఉంటాయి. పాకం పోసి, పెంకు కట్టాక మిగతాది వంపేస్తారు, మన సీసాకి చేసినట్టే. మెక్సికోలో చనిపోయినవారి పండక్కి చక్కెర పుర్రెలు. ఇక 1574లో ఫ్రాన్సు రాజు మూడో హెన్రీ వెనిస్ వెళితే, విందు బల్ల మీద పళ్లేలూ రొట్టెలూ చేతిగుడ్డలూ అన్నీ చక్కెరవే పెట్టారట. గుడ్డ అందుకోబోతే చేతిలో విరిగిందని చెప్పుకుంటారు.

ఇంట్లో అటక మీద అచ్చు ఉందేమో వెతికి చూడండి. దొరికితే ఎండబెట్టకండి. పురుగు రంధ్రాలు లేకపోతే మెత్తటి బ్రష్షుతో గాడుల్లో దుమ్ము దులిపి, ఒక రాత్రి నీళ్లలో వేయండి. చిన్న పగుళ్లు ఉబ్బి మూసుకుంటాయి. రెండు పలకలూ కలిపి వెలుతురుకి పెట్టినప్పుడు సందులోంచి వెలుగు రాకపోతే అది ఇంకా బతికే ఉన్నట్టు. పావుకిలో పంచదారతో ఒక వాయి పోసి చూడవచ్చు. పని అయ్యాక వేడినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, బట్టలో చుట్టి పెట్టాలి. రెండు పలకలూ ఒకే తాడుతో కట్టడం మరిచిపోవద్దు.

విరిగిన చిలకలు, వంగిపోయిన సీసాలు పారేయక్కర్లేదు. సాయంత్రం టీలోకి పనికొస్తాయి.